పాత కారు ఇంజను పని – ఖర్చు లెక్క

మా అనంతపురం సీమలో 'బోరు' అను మాటకు రెండర్థములు కలవు. పొలము గట్టున నిలిచి అడిగినచో బోరనగా భూమిలోనికి వందలకొలది అడుగులు దింపు గొట్టపు బావి. పట్టణములో మోటారు షెడ్డునకు పోయి అడిగినచో బోరనగా ఇంజను బ్లాకులో పిస్టను ఆడు గుండ్రని బిలము. మొదటిదానిని వేయించుటకును, రెండవదానిని కోయించుటకును ఒకే సంవత్సరమున, ఒకే పెట్టెలోని డబ్బుకై మా ఇంట వాదము పుట్టినది. ఆ వాదము సంగతియు, దాని పిమ్మట మేము చెల్లించిన మొత్తము సంగతియు నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి. ఇంటిలో పాత కారు గలవారు కొందరు 'ఇంజను పనికి ఎంతగును?' అని మమ్ములను అడుగుచుందురు. ఒక్క అంకెతో జవాబు చెప్పుట సులభమే. మేమును తొలుత అట్టి ఒక్క అంకెను నమ్మియే చిక్కులో పడితిమి.

కారు మా నాయనది. 1972వ సంవత్సరపు అంబాసిడరు, మార్కు రెండు. ఆ బండి జన్మవృత్తాంతము పలువురకు తెలిసినదే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును అనుసరించి, కలకత్తా సమీపమున ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు వారు 1957లో దానిని తయారుచేయ మొదలిడి, 2014లో నిలిపివేసిరి. తొలి రెండేండ్ల బండ్లలో వాల్వులు సిలిండర్ల ప్రక్కన అమర్చిన పాత మాదిరి ఇంజను ఉండెడిది. 1959 నుండి వాల్వులు పైన నుండు 1489 సి.సి. ఇంజను వచ్చినది. ఆ ఇంజను కుటుంబము ఆస్టిన్ కంపెనీ వారు రూపొందించినది. దాని తోబుట్టువునే ఎం.జి. కంపెనీ వారు 1955లో తమ పందెపు మాదిరి కారు ఎం.జి.ఎ.లో అమర్చిరి. అచట దొరల పిల్లలు విలాసమునకై నడపిన ఇంజను ఇచట నార్పల నుండి అనంతపురమునకు ప్రసవపు నొప్పులు పడుచున్న స్త్రీలను అర్ధరాత్రి చేరవేసినది. నాయన దానిని 1984లో రెండవ చేతి బండిగా కొని చాల ఏండ్లు బాడుగకు త్రిప్పెను. ధర్మవరపు పట్టుచీరల వర్తకులు, పుట్టపర్తి యాత్రికులు, బెంగుళూరు ఆసుపత్రులకు పోవు రోగులు, పెండ్లివారు – వీరందరును అందు కూర్చుండినవారే. ముదిమి వచ్చిన పిదప దానిని సొంత బండిగా మార్పించుకొనెను. 2019లో ఆయన పోయెను. బండి మిగిలెను.

2023 మే నెల మిట్టమధ్యాహ్నమున ముదిగుబ్బ సమీపమున ఆ బండి ఆగినది. రేడియేటరు మూతనుండి ఆవిరి, వెనుక గొట్టమునుండి నీలిపొగ. దానిని ట్రాక్టరునకు కట్టి ఇంటికి తెచ్చితిమి. ఆ ఏడు వానలును ముఖము చాటుచేసినవి. ఆగస్టు మాసము దేశమంతటికిని 1901 తరువాత ఎన్నడును లేనంత పొడిగా గడచినదని వాతావరణ శాఖ ప్రకటించినది. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే సగటుగా గల మా సీమలో అట్టి ఏడు ఎట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు. మా చీనీ తోటలో 150 చెట్లు. ఉన్న బోరు దగ్గుచున్నది. అంతకు మునుపు మూడేండ్లలో మా అన్నగారు రెండు బోర్లు వేయించిరి. ఒకటి తొమ్మిది వందల అడుగులు పోయి తెల్లని రాతిపొడి తప్ప మరేమియు పైకి తేలేదు. రెండవది రెండు మాసములు పారి నిలిచినది.

ఇంటిలో ఉన్నది 1,20,000 రూపాయలు. అంతకు ముందటి చీనీ కాపు అమ్మగా మిగిలిన సొమ్ము. మూడవ బోరునకు, గొట్టములతోను మోటారుతోను, ఆ మొత్తమును చాలదు. అట్లని ఊరకుండినచో చెట్లు ఎండును. మేము పట్టణమున ఉద్యోగము చేయువారము. మాకు కారు మీద మమకారము. అన్నగారు మట్టిలో ఉండువారు. వారికి చెట్టు మీద మమకారమని మేము భయపడితిమి. వారే మొదట నోరు విప్పిరి.

"అబ్బీ, బోరు మింగిన డబ్బు మింగుతానే ఉండాది. లోపల ఏముండాదో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఇంజను బోరైతే టార్చిలైటు వేసుకోని చూడచ్చు."

అమ్మ ఒక్క మాటే అన్నది: "మీ నాయన బండిని మాత్రం పాత ఇనుపసామాన్లోల్లకు తూకానికి ఇయ్యద్దండి."

అట్లు ఒడంబడిక కుదిరినది. పట్టణములో ఒక షెడ్డువారు బండి చెంతకు వచ్చి, బానెట్టు ఎత్తి, ఒకసారి స్టార్టు చేయించి, పొగ చూచి, చప్పుడు విని, "అరవై వేలల్లో కొత్త ఇంజను చేసిస్తాం" అనిరి. ఆ అరువదివేలు ఇంజనుకు. తక్కిన అరువదివేలు వాన వచ్చువరకు చెట్లకు ట్యాంకరు నీళ్ళకు. అమ్మ ఈ రెండంకెలను వంటింటి క్యాలెండరు మీద వ్రాసి పెట్టినది. ఆ క్యాలెండరు ఇప్పటికిని గోడమీదనే ఉన్నది.

ఇచటనే మా తప్పు జరిగినది. ఇంజను విప్పక మునుపు చెప్పు మొత్తము జ్యోతిషమే గాని లెక్క కాదు. పొగ నీలముగా నున్నచో ఆయిలు కాలుచున్నదని తెలియును. రింగులు అరిగినవా, బోరు అరిగినదా, వాల్వు గైడులు వదులైనవా, లేక అన్నియునా, అది పొగ చెప్పదు. ఆ షెడ్డువారికి తీరిక లేకపోవుటచే పని మరియొకరికి అప్పగింపవలసి వచ్చినది; అంకె మాత్రము మా మనస్సులో అట్లే నిలిచిపోయినది. ఎవరో చెప్పిన అంకెతో మరెవరి చేతనో పని చేయించుట ఎంతటి అవివేకమో అప్పుడు తోచలేదు.

పని చేసిన మేస్త్రి వృద్ధుడు. గుత్తి డీజిలు షెడ్డులో రైలింజన్ల మధ్య చేయి తిప్పుకొని వచ్చినవాడు. ఆయనకు కంటి చూపుకంటె మైక్రోమీటరు మీద నమ్మకము మెండు. హెడ్డు ఎత్తి, సంపు దింపి, పిస్టన్లు వెలికి తీసి, అన్నిటిని కిరసనాయిలుతో కడిగి, నాలుగు బోర్లను పైన, నడుమ, క్రింద, అడ్డముగ, నిలువుగ కొలిచి, ఒక పాత స్కూలు నోటుపుస్తకములో వ్రాసికొనెను. ఆ పని జరుగుచుండగా మేము ప్రక్కన స్టూలు మీద కూర్చుంటిమి. సాయంత్రమునకు ఆయన పుస్తకము మూసి, "సార్, ఈ ఇంజన్ను సగం దుమ్ము తినింది, సగం నీళ్లు తినినాయి" అనెను.

ఈ మాట మా జిల్లాలోని ప్రతి ఇంజనుకును చెల్లును గాన, దీనిని కొంచెము విప్పి చెప్పుట అవసరము.

దుమ్ము సంగతి మొదట. మా ఎఱ్ఱనేలల ధూళిలో ఇసుక రేణువులు విస్తారము. అవి పోత ఇనుముకంటె కఠినమైనవి. కార్బురేటరు మీద గాలి వడపోయు డబ్బా ఒకటి ఉండును. పాత అంబాసిడర్లలో దాని అడుగున ఆయిలు పోయవలెను, ధూళి ఆ ఆయిలులో చిక్కుకొనును. ఆయిలు ఎండినను, డబ్బా మూత వదులైనను ధూళి సూటిగ సిలిండరులోనికి పోవును. అచట పై రింగు తిరుగుముఖము పట్టు చోట, అనగా బోరు పైభాగమున, అది సానరాయివలె పనిచేయును. అందుచే బోరు పైన వెడల్పయి, క్రింద ఇరుకై, గరాటి ఆకారము దాల్చును. మా బోర్ల పై అంచున గోటితో తాకినచో మెట్టువలె తగులుచుండెను. ఆ మెట్టే అరగని భాగము. దాని క్రింది గుంటయే నలుబది ఏండ్ల దారి దుమ్ము.

నీళ్ళ సంగతి మరింత దారుణము. మా బోరు నీళ్ళు గట్టివి. ఫ్లోరైడు మాట అటుంచి, సున్నపు పాలు వానిలో అధికము. ఆ నీటిని కాచినచో పాత్ర అడుగున తెల్లని పెచ్చు కట్టుట మన ఆడవారందరికి తెలిసినదే. రేడియేటరులో అదే నీరు పోసి ఏండ్ల తరబడి కాచినచో, సిలిండర్ల చుట్టు నున్న నీటిదారులలో అదే పెచ్చు పేరుకొనును. అది వేడిని పైకి పోనీయదు. నీటి పంపు ఇంజను ముందుభాగమున ఉండును. బురద, తుప్పు, సున్నము కొట్టుకొనిపోయి వెనుక కొసన చేరును. కాబట్టి వెనుకనున్న నాలుగవ సిలిండరునకు దప్పిక ఎక్కువ. కాలువ చివరి పొలమువలె అన్నమాట. మేస్త్రి బ్లాకు ప్రక్కనున్న బిళ్ళలు ఊడదీసి స్క్రూడ్రైవరుతో గోకగా ఒక చేటెడు తెల్లని పెళ్ళలు రాలినవి. నాలుగవ బోరులో పిస్టను పట్టేసి లోతైన చారలు పడినవి.

మఱియొక చిన్న సంగతి. నీరు తగినంత కాగు వరకు రేడియేటరునకు పోకుండ ఆపు థర్మోస్టాటు అను చిన్న కవాటము ఈ ఇంజనులో ఉండవలెను. మా ఎండలకు అది దేనికని ఏనాడో ఎవరో పీకి పారవైచిరి. ఇది మా సీమలో దాదాపు ఆచారమైనది. ఫలితముగ ఇంజను శీతకాలపు ప్రొద్దున చాలసేపు చల్లగానే తిరిగి, పెట్రోలు బోరు గోడలమీది ఆయిలును కడిగివేయును, అరుగుదల ద్విగుణించును. పీకినవారు మా నాయనయే కావచ్చును. ఆయన చేసిన పనులన్నియు ఒప్పులని మేము వాదింపము.

ఇక కొలతలు. ఈ ఇంజనుకు బోరు పుట్టుకతో 73.025 మిల్లీమీటర్లు, పిస్టను పోకరాక 88.9 మిల్లీమీటర్లు. అరిగిన బోరును గుండ్రముగ కోయించి, ఆ మేరకు పెద్ద పిస్టను వేయుదురు. ఆ పెద్ద పిస్టన్లు అంగుళమున వేయవ వంతులు పది, ఇరువది, ముప్పది, నలుబది చొప్పున పెరుగుచు దొరకును. షెడ్డులలో వీనినే 'టెన్ సైజు, ట్వెంటీ సైజు' అందురు. మా ఇంజను ఇదివరలోనే ఒకసారి ట్వెంటీ సైజునకు కోయబడినది. కావున ఈసారి థర్టీ. దాని పిమ్మట నలుబది ఒక్కటే మిగులును. ఆ మీదట ప్రతి బోరునకును ఇనుప తొడుగు, అనగా స్లీవు, దిగగొట్టవలెను. నాలుగవ బోరు చారలు థర్టీకిగాని, ఫార్టీకిగాని పోవునవి కావు. దానికి మాత్రము స్లీవు వేసి, తక్కిన మూటితో సమముగ థర్టీకి కోయవలసి వచ్చినది. అరువదివేల అంకెలో ఈ స్లీవు లేదు.

'ఇంత బాధ ఎందుకు, గుజిరీలో డీజిలు ఇంజను కొని బిగించుము' అని సలహా చెప్పినవారును కలరు. పూర్వము బాడుగ అంబాసిడర్లకు పలువురట్లే చేసిరి. మరికొందరు, పెనుకొండ చెంత ఎఱ్ఱమంచిలో 2019 నుండి కొత్త కార్లే తయారగుచుండగా ఈ ముసలిదానిని పట్టుకొని వ్రేలాడుట ఏమని నవ్విరి. మేము ఇంజను మార్చక పోవుటకు మమకారముతో పాటు మరొక కారణము ఉన్నది. ఇంజను నంబరు ఆర్.సి. పత్రములో ఎక్కియుండును, మార్చినచో రవాణా శాఖ అనుమతి పొంది అందు నమోదు చేయించవలెను. అదియునుగాక, 2021లో కేంద్ర ప్రభుత్వము వారు వింటేజి వాహనములకు ప్రత్యేక నియమములు చేసిరి. మొదటి రిజిస్ట్రేషనునుండి ఏబది ఏండ్లు నిండి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్పు లేక స్వరూపముననే ఉన్న బండికి ప్రత్యేక నంబరు నిత్తురు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు. తిరిగి చేయించుటకు 5,000. అట్టి బండిని నిత్యము రోడ్డుమీద తిప్పరాదు, బాడుగకు అసలే తిప్పరాదు. మేము ఆ నంబరు ఇంకను తీసికొనలేదు, కాని దారి మూసికొనుట ఇష్టము లేకపోయినది. పాత బ్లాకు పాత నంబరుతో నిలిచినదన్న తృప్తి వేరు.

హెడ్డు పని మరియొక గుంట. ఈ ఇంజను పుట్టిన నాటి పెట్రోలులో సీసము కలిపెడివారు. సీసము వాల్వు కూర్చుండు గద్దెలమీద పల్చని పొరగ నిలిచి వానిని కాపాడెడిది. ఆరోగ్యమునకు హానియని 2000వ సంవత్సరమునాటికి మన దేశమున సీసపు పెట్రోలును పూర్తిగ మానిపించిరి, అది మంచిపనియే. అయితే పాత హెడ్డులలో పొగ వెలువడు వాల్వులు తమ గద్దెలను తామే త్రొక్కికొనుచు లోపలికి దిగిపోవును. మావి అట్లే దిగినవి. నాలుగింటికి గట్టి ఉక్కు గద్దెలు దిగగొట్టించితిమి. ఇటీవల పెట్రోలులో ఇరువది పాళ్ళవరకు ఎథనాలు కలుపుచున్నారు గదా, అది పాత రబ్బరును ఉబ్బించి చెరచును. పెట్రోలు గొట్టములు, పంపులోని పొర, కార్బురేటరు వాషర్లు అన్నియు మార్పవలసి వచ్చినది. ఇవి 'ఇంజను' అను మాటలోనికి వచ్చునా రావా యని మేస్త్రితో వాదించుట కూడ జరిగినది. ఆయన నవ్వి, "నిప్పంటుకుంటే వస్తాయి సార్" అనెను.

విడిభాగములకై బెంగుళూరు జె.సి. రోడ్డునకు రెండుసార్లు పోయితిమి. కంపెనీ మూతపడినను అంబాసిడరు సామాను ఇంకను దొరకుచునే ఉన్నది, ఎవరెవరో చేయుచున్నారు. కాని ఒకే పేరు గల పిస్టను మూడు ధరలలో ఉండును. తక్కువ ధరది తీసికొని వచ్చిన మొదటిసారి మేస్త్రి వానిని పట్టుకొని ప్రక్కనున్న కంసాలి అంగడికి పోయి తూచెను. నాలుగును నాలుగు బరువులు. నిమిషమునకు మూడువేల చుట్లు తిరుగు యంత్రములో ఈ వ్యత్యాసము వణుకుగ మారి బేరింగులను తినునని ఆయన చెప్పినందున, వానిని తిరిగి ఇచ్చి, మంచి సెట్టు తెచ్చుటకే రెండవ ప్రయాణము. పొదుపు చేయబోయి బస్సు చార్జీ దండుగ పెట్టుకొంటిమి. ఆనాడు ఈ భాగములపై పన్ను 28 పాళ్ళు. 2025 సెప్టెంబరు 22 నుండి 18కి తగ్గినది. ఇప్పుడు చేయించువారికి ఆ మేరకు మేలు.

2024 ఫిబ్రవరిలో పని ముగిసినది. రసీదులన్నియు అమ్మ ముందు పరచి కూడితిమి. మేము చెప్పు అంకెలు మా ఒక్క బండివి, ఆ కాలపువి. శ్రోతలు వీనిని ధరల పట్టికగ గైకొనవలదు. లేతు షెడ్డులో బ్లాకును మందునీటిలో ఉడికించి సున్నము వదలగొట్టుట, బోరు కోత, స్లీవు, క్రాంకు సాన, హెడ్డు పని కలిసి 28,500. పిస్టన్లు, బేరింగులు, టైమింగు చైను, ఆయిలు పంపు, గాస్కెట్లు 26,000. ఇంతవరకు అరువదివేలకు లోబడియే ఉన్నది గదా! ఆ మొదటి షెడ్డువారు అబద్ధమాడలేదు. వారు ఇంజను లోపలిది మాత్రమే లెక్కించిరి. ఇంజనును ఆనుకొని యున్నది ఎవరు లెక్కింపవలెను? రేడియేటరు లోగొట్టములు కొత్తవి, నీటి పంపు, రబ్బరు గొట్టములు 9,500. ఇంజను దింపినప్పుడే మార్చనిచో మరల దింపవలసి వచ్చు క్లచ్చి 6,000. పెట్రోలు దారి 4,000. ఆయిళ్ళు, కూలెంటు 3,500. ప్రయాణములకు, బండి మోయించుటకు 6,000. మేస్త్రి కూలి 18,000. ఆయన నాలుగు మాసములు కూర్చున్న తీరునకు అది తక్కువయే. వెరసి 1,01,500 రూపాయలు.

అమ్మ క్యాలెండరు వైపు చూచినది. అరువదివేలకు పైబడినది 41,500. అది ఎచటినుండి వచ్చినది? ట్యాంకరు నీళ్ళ సొమ్మునుండి. మా ఊరిలో అప్పుడు ట్యాంకరు ఒకటి 800 రూపాయలు. నలుబది ఒక్క వేయి ఐదువందలనగా 51 ట్యాంకర్లు. మార్చి, ఏప్రిలు మాసములలో వారమునకు ఆరు ట్యాంకర్లు పోయవలసిన తోటకు అన్నగారు రెండే పోయగలిగిరి. చెట్ల కొమ్మలు సగము నరికి, మొదళ్ళకు వేరుసెనగ పొట్టు కప్పి, ముందు వరుసల నీడ్చుకొని వచ్చిరి. వెనుక వరుసలలో 60 చెట్లు పోయినవి. పండ్రెండేండ్ల చెట్లు. అన్నగారు మమ్ములను ఒక్క మాట అనలేదు. మొదళ్ళు నరకించిన నాడు మేము తోటకు పోలేదు. పోవుటకు మొగము చెల్లలేదు.

ఇంజను పనియే తప్పని మేమనము. దాని ఖర్చు తెలిసిన మీదట చేయించి యుండినచో, లేక ఆ వేసవి ఆగి మరుసటి ఏడు చేయించి యుండినచో, ఆ చెట్లలో కొన్నియైన నిలిచెడివి. బ్లాకు గోనెసంచిలో చుట్టి, ఆయిలు పూసి మూలన పెట్టినచో ఒక ఏడు ఆగును. చీనీ చెట్టు ఆగదు. ఈ సంగతి విప్పిన మొదటి దినముననే తెలిసికొని యుండవచ్చును. మేస్త్రి నోటుపుస్తకములో ఆ సాయంత్రమే అన్ని కొలతలును ఉన్నవి. మేము అడుగలేదు. అడిగినచో అంకె పెరుగునని భయము. ఆపవలసి వచ్చునేమోయని భయము. విప్పిన ఇంజను ముందు నిలిచినవానికి వెనుకకు మరలుటకు మనసొప్పదు.

కాబట్టి పాత ఇంజను పనికి పూనుకొను శ్రోతలకు మేము చెప్పగలిగినది ఇది. మొదట నాలుగు సిలిండర్ల ఒత్తిడిని గేజితో కొలిపించవలెను. దానికి కొన్ని వందలు చాలును, ఏ బోరు బలహీనమో విప్పకయే తెలియును. పిదప పని ఒప్పుకొనుటను రెండుగ విడదీయవలెను. విప్పి, కడిగి, కొలిచి, కొలతలు కాగితము మీద వ్రాసి ఇచ్చుటకు ఒక కూలి, అచట ఆగవలెను. మా మేస్త్రి కూలిలో ఆ భాగము ఐదువేలకు మించదు. ఆ కాగితము ఇంటికి తెచ్చి, ఇంజను లోపలిదానితో పాటు రేడియేటరు, క్లచ్చి, పెట్రోలు దారి, ప్రయాణములు కూడ కలిపి, ఇంటిల్లిపాదియు కూర్చుండి చూచిన మీదటనే రెండవ కూలికి సరే యనవలెను. వలదనుకొన్నచో ఐదువేలతో పోవును. మేస్త్రులు దీనికి నొచ్చుకొందురని కొందరందురు. మంచి మేస్త్రి నొచ్చుకొనడు. మా ఆయన, "ముందే అడిగింటే రాసిచ్చేవాణ్ణి గదా సార్" అనెను.

పని ముగిసిన మీదటకూడ ఖర్చు కొంత ఉండును. కొత్త రింగులు బోరుతో పొత్తు కుదుర్చుకొను వరకు, తొలి ఎనిమిది వందల కిలోమీటర్లు మెల్లగ నడపి, ఆయిలు మార్చి, హెడ్డు బోల్టులు మరల బిగించి, వాల్వు సందులు సరిచూడవలెను. గాలి డబ్బాలో ఆయిలు ప్రతి పక్షమునకు చూచుచున్నాము. థర్మోస్టాటు మరల తన చోటున కూర్చున్నది. ఇక నీరు. బోరు నీటి చుక్క రేడియేటరులో పడరాదని మేస్త్రి ఒట్టు పెట్టించెను. బ్యాటరీలకు పోయు డిస్టిల్డు నీరు కొని, అందు కూలెంటు కలిపి పోసితిమి. ఆయన, "వాననీళ్లు దొరికితే అంతకన్నా మేలేముండాది" అని కూడ చెప్పెను. వాననీటిలో సున్నము ఉండదు గదా. కాని ఆ వేసవి మా ఊరిలో వాననీరు దొరకు చోటెక్కడ?

2024 అక్టోబరులో వాన కురిసినది, కురిసినట్లు కాదు, కుమ్మరించినట్లు. పండమేరు పొంగి అనంతపురము అంచు కాలనీలు మునిగిన వారమది. ఊరికి పోయి చూచితిమి. మా అన్నగారు తోటకు పోయినట్లున్నారు. చూరు క్రింద రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టి, మూతికి అమ్మ పాతచీర గుడ్డ కట్టి ఉంచిరి. ఒక డ్రమ్ము మీద బొగ్గుతో 'బండికి' అని వ్రాసి యున్నది. రెండవదానిమీద ఏమియు వ్రాయలేదు. సాయంత్రము వారు వచ్చి, మొదటి డ్రమ్మునుండి పది క్యాన్లు నింపి మా బండి డిక్కీలో పెట్టి, రెండవ డ్రమ్మును ఇద్దరు మనుషులతో మోయించుకొని, చచ్చిన చెట్ల చోట నాటిన చీనీ అంట్ల దగ్గరకు పోయిరి. మూడవ బోరు ఇంకను వేయించలేదు.